అమ్మేవాడి నాలుకకు తెలియని సీసా

నంద్యాలలో ఏ వైన్ షాపుకైనా వెళ్లి, పై అరలో దుమ్ము పట్టి ఉన్న దిగుమతి వైన్ సీసా ఏదైనా కనిపిస్తే, దాన్ని చూపించి "అది ఎట్లుంటాది తమ్ముడూ?" అని అడిగి చూడండి. రెండే జవాబులు వస్తాయి. మొదటిది ధర. రెండోది, "పెద్దగా పోదు సార్". అది తీపా, పులుపా, ఎంత చల్లగా తాగాలి, ఏ కూరతో కుదురుతుంది, మూత తీశాక ఎన్నాళ్లు నిలుస్తుంది అన్న ప్రశ్నలకు అక్కడ జవాబు దొరకదు. అందులో సేల్స్‌మన్ తప్పేమీ లేదు. ఆ సీసా మూత ఆయన ఎదుట ఎప్పుడూ తీసి ఉండరు. వాసనైనా చూడని సరుకు గురించి ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

ఐరోపా వైన్లు తెప్పించి అమ్మే మంచి వర్తకుల దగ్గర ఈ పరిస్థితి ఉండదు. అక్కడ దుకాణంలో పనిచేసేవాళ్లంతా వారానికో, నెలకో ఒకసారి బల్ల చుట్టూ కూర్చుని కొత్తగా వచ్చిన సరుకు రుచి చూస్తారు. అది విందు కాదు, ఉద్యోగంలో భాగం. డ్యూటీ గంటల్లోనే, యజమాని ఖర్చుతోనే జరుగుతుంది. సాధారణంగా మధ్యాహ్న భోజనానికి ముందే కూర్చుంటారు, నాలుక తేటగా ఉండే వేళ అదేనని. ఆ రోజు సెంటు పూసుకుని రావడం మర్యాద కాదు, పక్కవాడి ముక్కు చెడగొట్టినట్టవుతుంది. రంగు తెలియడానికి బల్ల మీద తెల్ల కాగితం, మనిషికి నాలుగైదు గ్లాసులు, మధ్యలో ఉమ్మడానికి తొట్టి. 750 మిల్లీలీటర్ల సీసా ఒకటి పదిహేను మందికి సరిపోతుంది, మనిషికి యాభై మిల్లీలీటర్ల చొప్పున. అందులోనూ చాలా భాగం తొట్టిలోకే పోతుంది.

పద్ధతి చూడ్డానికి తేలిక. గ్లాసు వంచి రంగు చూడాలి. గుండ్రంగా తిప్పి వాసన పట్టాలి. గుక్కెడు నోట్లోకి తీసుకుని, పెదాల మధ్య నుంచి కాస్త గాలి పీల్చి, నోరంతా తిప్పాలి. పులుపెంత, వగరెంత, ఘాటెంత, ఉమ్మేశాక రుచి ఎంతసేపు నిలిచింది అన్నవి గమనించి రాసుకోవాలి. తేలికపాటి తెల్ల వైన్‌తో మొదలుపెట్టి, చిక్కటి ఎర్ర వైన్ దాకా వెళ్లి, తీపి వైన్‌తో ముగిస్తారు. వరస మారితే తర్వాతి గ్లాసు రుచి తెలియదు. రాయడం పూర్తయ్యేదాకా ఎవరూ నోరు మెదపకూడదన్నది వీటన్నిటికంటే ముఖ్యమైన నియమం. మేనేజరు ముందే "అబ్బ, ఏం వాసన!" అన్నాడంటే అందరి ముక్కులకూ అదే వాసన తగులుతుంది. మన ఆఫీసు మీటింగుల్లో కూడా ఈ నియమం పెడితే బాగుండును, అది వేరే సంగతి.

ఈ అలవాటు ఒక్కరోజులో పుట్టలేదు. లండన్ సెయింట్ జేమ్స్ వీధిలోని బెర్రీ బ్రదర్స్ అండ్ రడ్ 1698లో మొదలైన దుకాణం. అలాంటి పాత వర్తకులున్న దేశంలో కూడా అమ్మేవాడికి పరీక్ష పెట్టాలన్న ఆలోచన ఇరవయ్యో శతాబ్దం మధ్యకు గానీ గట్టిపడలేదు. 'మాస్టర్ ఆఫ్ వైన్' పరీక్ష మొదటిసారి 1953లో జరిగింది. 21 మంది రాస్తే ఆరుగురు గట్టెక్కారు. 1969లో దుకాణాల్లో, హోటళ్లలో పనిచేసేవాళ్లకు చదువు చెప్పడానికి వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్ పుట్టింది. ఇవాళ చాలా దేశాల్లో దాని పద్ధతిలో రుచి చూడటం నేర్చుకుంటున్నారు. మన దేశం నుంచి మొదటి మాస్టర్ ఆఫ్ వైన్ కావడానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది. ఆమె పేరు సోనల్ హాలండ్.

ఒక దుకాణదారుడు లోకం అభిప్రాయాన్నే మార్చేసిన సందర్భం కూడా ఉంది. పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లిష్ వర్తకుడు చిన్న వైన్ దుకాణం నడిపేవాడు. 1976 మే 24న ఆయన తొమ్మిది మంది ఫ్రెంచి ఉద్దండులను కూర్చోబెట్టి, లేబుళ్లు కనబడకుండా ఫ్రెంచి వైన్లనూ కాలిఫోర్నియా వైన్లనూ కలిపి రుచి చూపించాడు. తెల్ల వైన్లలోనూ, ఎర్ర వైన్లలోనూ మొదటి స్థానం కాలిఫోర్నియాకే దక్కింది. తమ దేశపు వైనే అనుకుని పరాయి వైన్‌ను పొగిడినవాళ్లు తర్వాత తలలు పట్టుకున్నారు. పేరు మోసిన ప్రొఫెసరో, ప్రభుత్వ శాఖో కాదు, దుకాణం నడిపే మనిషి చేసిన పని అది.

ఇక మన దగ్గరికి వద్దాం.

ఆంధ్రప్రదేశ్‌లో మద్యం గురించి మాట్లాడితే మాట రుచి దాకా రాదు, రాజకీయం దగ్గరే ఆగిపోతుంది. దానికి కారణం లేకపోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఆ మంట రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. 2024 అక్టోబరులో వాటిని మళ్లీ ప్రైవేటు చేతికిచ్చారు. 3,396 దుకాణాలకు దాదాపు తొంభై వేల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రుసుము రెండు లక్షలు. లాటరీ తీశారు. ఆ రోజుల్లో పత్రికలన్నీ క్వార్టర్ 99 రూపాయల సంగతే రాశాయి. ఈ ముప్పై ఏళ్ల కథలో లైసెన్సు ఎవరిది, ఆదాయం ఎంత, బ్రాండు ఎవరిది అన్న ప్రశ్నలు లక్షసార్లు వచ్చాయి. కౌంటర్ వెనుక నిలబడే మనిషికి సరుకు గురించి ఏం తెలుసన్న ప్రశ్న ఒక్కసారీ రాలేదు.

క్వార్టర్ సీసాల వ్యాపారానికి ఆ ప్రశ్న అక్కర్లేదు కూడా. చీప్ లిక్కర్ కొనేవాడు సలహా అడగడు, చిల్లర అడుగుతాడు. డిపోకు ఇండెంటు పెట్టడం, పెట్టెలు దించుకోవడం, స్కాన్ చేయడం, డబ్బు లెక్కపెట్టడం, ఇంతే పని. వైన్ సంగతి అట్లా కాదు. అది పంట. ఒక ఏడు ఎండ ఎక్కువై తీపెక్కుతుంది, మరో ఏడు వాన పడి పలచబడుతుంది. లేబుల్ అదే, ఊరు అదే, సీసాలో ఉన్నది మాత్రం వేరు.

ఈ విషయం ఇప్పుడు ఎందుకంటే, సుంకాలు దిగుతున్నాయి. విదేశీ వైన్‌పై మన దేశం విధించే కస్టమ్స్ సుంకం మొత్తం 150 శాతం. 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందంతో, సీసా దిగుమతి ధర అయిదు డాలర్లు దాటితే ఆ సుంకం 100 శాతానికి తగ్గి, పదేళ్లలో 50కి దిగుతుంది. పదిహేను డాలర్లు దాటిన వాటికి 75తో మొదలై 25 దాకా దిగుతుంది. ఐరోపా సమాఖ్యతో చర్చలు ముగిసినట్టు 2026 జనవరిలో ప్రకటించారు. అందులోనూ వైన్ సుంకాన్ని దశలవారీగా దించే మాట ఉంది. రాష్ట్ర పన్నులు, లేబుల్ రిజిస్ట్రేషన్ రుసుములు అట్లాగే ఉంటాయి గనుక రేపే అగ్గువ అయిపోతుందని ఎవరూ ఆశపడనక్కర్లేదు. సగటు భారతీయుడు ఏడాదికి తాగే వైన్ వంద మిల్లీలీటర్లకు కూడా చేరదు. కానీ సరుకు పెరుగుతుంది, రకాలు పెరుగుతాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ దాటి జిల్లా కేంద్రాల దాకా ఆ సీసాలు వస్తాయి.

వచ్చాక ఏమవుతాయి? నంద్యాలలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 43, 44 డిగ్రీలు దాటడం మామూలే. వైన్ సుఖంగా ఉండేది 12, 15 డిగ్రీల మధ్య. ఫ్రాన్సు నుంచో ఇటలీ నుంచో ఓడెక్కి, ముంబై దగ్గరి నవ షేవా రేవులో దిగి, బాండెడ్ గోదాములో నెలల తరబడి పడి ఉండి, లారీలో డిపోకు చేరి, అక్కడి నుంచి రేకుల కప్పు కింద ఉన్న షాపులో నిలబడే సీసా ఎన్ని ఎండలు చూస్తుందో లెక్కేయండి. ఎండ తగిలిన వైన్‌లో తాజా పండు వాసన పోయి ఉడకబెట్టిన పండు వాసన వస్తుంది. లోపలి ద్రవం ఉబ్బి బిరడా పైకి తన్నుకొస్తుంది. తెల్ల వైన్ గోధుమ రంగుకు తిరుగుతుంది. బిరడా వల్లే పాడయ్యేవి మరికొన్ని. తడిసిన అట్టపెట్టె కంపు కొడతాయి. ఆ కంపుకు టీసీఏ అనే రసాయనం కారణమని 1980ల మొదట్లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. లీటరులో కొన్ని నానోగ్రాములున్నా చాలు, ముక్కు పసిగడుతుంది. పసిగట్టాలంటే ఆ ముక్కు అంతకుముందు ఒకసారైనా దాన్ని ఎరిగి ఉండాలి. మూడు వేలు పెట్టి కొన్న సీసా పాడైందని తిరిగి తెచ్చిన మనిషికి "అది అట్లే ఉంటాది సార్" అని చెప్పి పంపే సేల్స్‌మన్‌కు, నిజంగా అది అట్లా ఉంటుందో లేదో తెలియదు. కొన్నవాడికీ తెలియదు. "వైన్ అంటే ఇంతేనేమో" అనుకుని ఆయన మళ్లీ దాని జోలికి పోడు. నష్టపోయేది దిగుమతిదారుడే. అందుకే ఈ తర్ఫీదు ఖర్చు ఆయన పెట్టుకోవాల్సిందే.

అయితే నాలుకను మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. బోర్డో విశ్వవిద్యాలయంలో 54 మంది వైన్ విద్యార్థులకు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. ఆ ఫలితాలు 2001లో అచ్చయ్యాయి. వాళ్లు ఎక్కువగా ఎర్ర వైన్‌కు వాడే మాటలే రాశారు. కన్ను చెప్పింది ముక్కు నమ్మేసింది. 1985లో ఆస్ట్రియా వైన్లలో డైఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కుంభకోణం బయటపడింది. తియ్యదనం, చిక్కదనం కోసం కలిపారు. ఎంతమంది రుచి చూసినా తేలని ఆ మోసాన్ని ప్రయోగశాల తేల్చింది. కల్తీ మద్యం సంగతి ములకలచెరువు నకిలీ మద్యం కేసు తర్వాత రాష్ట్రంలో అందరికీ తెలిసిందే. అలాంటి చోట నాలుక పనికిరాదు, పరీక్షలు, క్యూఆర్ కోడ్ తనిఖీలే గతి. సిబ్బంది రుచి చూడటం లాబొరేటరీకి బదులు కాదు. అది కొనేవాడికి నిజం చెప్పడానికి పనికొచ్చే చదువు. లేబుల్ కప్పి, నోరు మూసుకుని రుచి చూడాలన్న నియమాలు పెట్టుకున్నది మనిషి ముక్కు ఎంత తేలిగ్గా మోసపోతుందో ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లకు తెలుసు గనకే.

ఇదంతా తెల్లవాళ్ల షోకు అనేవాళ్లు ఉంటారు. నంద్యాల నుంచి బనగానపల్లె మీదుగా యాగంటి వెళ్లే దారిలో మే నెలలో ఎవరైనా ఒకసారి ఆగి మామిడిపండ్లు కొంటే ఆ మాట వెనక్కి తీసుకుంటారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి మామిడిని దాని సొంత గడ్డ మీద అమ్మే మనిషి, ముందు ఒక పండు కోసి ముక్క చేతిలో పెడతాడు. ఏది చెట్టు మీద పక్వానికొచ్చింది, ఏది ముందే కోసి మాగవేసింది, ఏది కార్బైడ్ పెట్టింది, భుజాలు నిండిందా లేదా, తొడిమ దగ్గర వాసన ఎట్లా ఉంది, అన్నీ చెబుతాడు. నీళ్లలో వేస్తే మునిగేది ముదిరిన కాయ అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. చిత్తూరు జిల్లా గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురికీ, నాసిక్ ద్రాక్షతోటల్లో వైన్ పండ్లకూ తీపి కొలిచేది ఒకే బ్రిక్స్ లెక్కతో.

నంద్యాల ఊళ్లోనే మరో ఉదాహరణ ఉంది. 1906లో మొదలైన ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం అక్కడుంది. కొత్త వరి వంగడం బయటికి రావాలంటే దిగుబడి, తెగుళ్ల లెక్కలు ఒక్కటే చాలవు. అన్నం వండి, తిని చూసి, మెతుకు విడివిడిగా ఉందా, చల్లారాక గట్టిపడుతుందా, వాసన ఎట్లా ఉందని మార్కులు వేసే పద్ధతి వరి పరిశోధనలో ఎప్పటి నుంచో ఉంది. సన్నబియ్యం కొనేవాడి నోరు ఎంత కఠినమైనదో శాస్త్రవేత్తలకు తెలుసు.

మత్తు సరుకులోనూ ఆ తెలివి మనకు లేక కాదు. తెలంగాణ పల్లెల్లో గీత కార్మికుడిని అడిగితే ఈతకల్లు వేరు, తాటికల్లు వేరు, అందులో పోతుతాడు వేరు, పండుతాడు వేరు అని చెబుతాడు. పొద్దున దించింది తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది. ఏ చెట్టుది ఏ రుచో వాడుకలవాళ్లకు కంఠతా వచ్చు. ఆ చెట్టుకూ తాగేవాడికీ మధ్య డిపోలూ డబ్బాలూ వచ్చాక ఆ ఎరుక పలచబడింది. మందు కలిపిన కల్లు తాగి 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో మనుషులు చనిపోయారు.

నేర్పే పద్ధతి మాత్రం మనదిగా ఉండాలి. బ్లాక్‌కరెంట్ వాసన, గూస్‌బెర్రీ వాసన అని ఇంగ్లిష్ పుస్తకంలో ఉన్న మాటలు బట్టీ పట్టిస్తే ఆళ్లగడ్డ కుర్రాడు ఏం చేసుకుంటాడు? ఆ పండ్లను అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అతనికి నేరేడు తెలుసు, రేగుపండు తెలుసు, మామిడి తాండ్ర తెలుసు, ధనియాలు, మిరియాలు, వాన పడ్డ నల్లరేగడి తెలుసు. ఎర్ర వైన్ వగరు గురించి చెప్పాలంటే నేరేడుపండు తిన్నాక నాలుక మీద మిగిలేది గుర్తుచేస్తే చాలు. అతను అట్లా రాసుకుంటే, కౌంటర్ దగ్గర కొనేవాడికి కూడా ఆ మాటే అర్థమవుతుంది.

తిండి సంగతీ అంతే. ఐరోపాలో వైన్ పక్కన జున్ను ముక్కలు పెడతారు. ఇక్కడ పెట్టాల్సింది రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఉగ్గాని బజ్జీ. కారం తిన్న నోటికి ఆల్కహాలు ఎక్కువున్న వైన్ ఇంకా మంట పెడుతుంది, బాగా వగరున్న ఎర్ర వైన్ కూడా కారాన్ని రెచ్చగొడుతుంది. కాస్త తీపి, మంచి పులుపు, తక్కువ ఆల్కహాలు ఉన్న జర్మనీ రీజ్లింగ్ లాంటిది ఆ మంటను సర్దుతుంది. పేరున్న ఖరీదైన బోర్డో సీసా రాయలసీమ భోజనం పక్కన తేలిపోవచ్చు, సగం ధర సీసా నిలబడవచ్చు. ఒక్కసారి పులుసుతో కలిపి రుచి చూసిన సేల్స్‌మన్ ఈ మాట ధైర్యంగా చెప్పగలడు. చూడనివాడు ఖరీదైనదే చూపిస్తాడు.

యాగంటి ఉమామహేశ్వరుడి కొండల నీడలో ఈ మాటలేమిటని నొచ్చుకునేవాళ్ల అభ్యంతరాన్ని తీసిపారేయకూడదు. గుడులకు, బడులకు దుకాణాలు దూరంగా ఉండాలన్న నిబంధన ఉన్నదే, ఉండాల్సిందే. మద్యంలో ఆరోగ్యానికి హాని చేయని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. దూబగుంట ఆడవాళ్లు చూసిన కష్టం ఇవాళ్టికీ చాలా ఇళ్లలో ఉంది. రుచి చూసే బల్ల తాగుడుకు దారి కాకూడదు. కాబట్టే ఉమ్మే తొట్టి అలంకారం కాదు, నియమం కావాలి. కూర్చోవడం ఇష్టమున్నవాళ్లకే ఉండాలి. మతం వల్లో, ఆరోగ్యం వల్లో, తాగుడు మానుకున్నందువల్లో వద్దన్న ఉద్యోగికి జీతంలోనో, ప్రమోషన్‌లోనో దెబ్బ తగలకూడదు. అట్లాంటివాళ్లు వాసన చూసి నేర్చుకున్నా చాలా దూరం వస్తారు, వైన్‌లో తెలుసుకోవాల్సినదాంట్లో ఎక్కువ భాగం ముక్కుకే తెలుస్తుంది. రుచి చూసిన రోజు బండి నడిపి ఇంటికి పోకూడదన్నది కూడా కాగితం మీద రాయాలి.

ఎక్సైజ్ శాఖ చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, పెద్ద ఖర్చు లేనివే. సిబ్బంది తర్ఫీదు కోసం తెరిచే సీసాలను అమ్మకపు సరుకు నుంచి విడదీసి, వాటి మీద 'శిక్షణకు మాత్రమే' అని ముద్ర వేయించి, లెక్క చూపించే షరతు మీద పన్ను మినహాయించవచ్చు. దిగుమతి వైన్ అమ్మే షాపులో కనీసం ఒకరైనా రెండు రోజుల శిక్షణ తీసుకుని ఉండాలని లైసెన్సు షరతుల్లో చేర్చవచ్చు. రేకుల కప్పు కింద వైన్ పెట్టకూడదని, చల్లటి అర ఒకటి ఉండాలని అనవచ్చు. పాడైన సీసా వెనక్కి తీసుకునే పద్ధతి డిపో స్థాయిలో ఉండాలి. ఇప్పుడు ఆ భారం షాపు మీద పడుతుంది గనక ఏ యజమానీ ఒప్పుకోడు. దిగుమతిదారులు కూడా నగరాల్లోని స్టార్ హోటళ్లకు పంపే శాంపిల్ సీసాల్లో కొన్నింటిని జిల్లా షాపులకు మళ్లించాలి. డిపోలో ఒక గది, ఓ డజను గ్లాసులు, తొట్టి, తెలిసిన మనిషి ఒకరు, పొద్దున రెండు గంటలు చాలు. కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ షాపుల వాళ్లు ఒకేచోట కూర్చోవచ్చు. పక్కన నాటుకోడి పులుసు గిన్నె పెట్టడం మాత్రం మరిచిపోకూడదు.